అనుమతి కంటే ముందొచ్చిన రెండు వైర్‌లెస్ సెట్లు

ప్రతి మంగళవారం మూడున్నరకి జనక్‌పురిలో మా బ్లాకు పార్కు గేటు దగ్గర లైబ్రరీ బస్సు ఆగేది. లోపల సీట్లన్నీ తీసేసి రెండు వైపులా అరలు బిగించారు. మలుపుల్లో పుస్తకాలు జారిపడకుండా ప్రతి అరకీ అడ్డంగా ఒక తాడు. వెనక మెట్లెక్కి లోపలికి వెళ్ళి, కావలసినవి తీసుకుని, ముందు మెట్ల మీదుగా దిగాలి. ఆ మెట్ల దగ్గర చిన్న బల్ల వేసుకుని ఒక గఢ్వాలీ ఆవిడ కూర్చునేది. కార్డు చూసి, తారీఖు ముద్ర కొట్టి ఇచ్చేది. నేను ఆవిడని దీదీ అనేదాన్ని.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మా ఆయన ఆర్మీలో హవల్దారు. కంటోన్మెంటులో క్వార్టరు వంతు రాకపోవడంతో జనక్‌పురిలో ఒక మేడ మీద గది అద్దెకి తీసుకున్నాం. అది తొంభైల మధ్య కాలం. ఆయన పొద్దున్నే సైకిలెక్కి వెళ్ళిపోతే సాయంత్రం దాకా నాకు తోడు ఆ బస్సు పుస్తకాలే. తెలుగువి ఒక్క అరే ఉండేవి. రెండు నెలల్లో చదివేశాను. ఆ తర్వాత డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. మొదటి పుస్తకం తేనెటీగల పెంపకం గురించి. పేజీకి ముప్ఫై మాటలు వెతుక్కున్నాను. ఆరో పుస్తకానికి వచ్చేసరికి పేజీకి నాలుగే వెతకాల్సి వచ్చింది. ఆ రోజు నేను పడిన సంతోషం ఎవరికి చెప్పుకోవాలో తెలియక బస్సులో దీదీకే చెప్పాను. ఆవిడ బల్ల సొరుగులోంచి ఒక నిమ్మతొన బిళ్ళ తీసి నా చేతిలో పెట్టింది.

తెలిసినదాన్ని దాచుకోవడం నాకు చేతకాదు. మా ఆయన యూనిట్ వాళ్ళు ఎవరైనా ఇంటికొస్తే, రాణీ ఈగ ఎన్నేళ్ళు బతుకుతుందో చెప్పేదాన్ని. "ఇక ఆపవే, వాళ్ళ టీ చల్లారిపోతోంది" అనేవారు ఆయన.

ఇలాంటి నాకు మా తమ్ముడు ఉత్తరం రాశాడు.

వాడు గోదావరి మీద జనాన్ని ఎక్కించుకుని తిరిగే లాంచీకి సరంగు. అంటే చుక్కాని పట్టేది వాడే. ఏడో తరగతి తప్పి, పన్నెండేళ్ళు లాంచీల మీద పనిచేసి, పరీక్ష రాసి సరంగు సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. మా ఇంట్లో సర్టిఫికెట్ అనేది ఉన్న మొదటి మనిషి.

"అక్కా, పోయిన వరదల్లో పాపికొండల దగ్గర ఇంజను ఆగిపోయింది" అని రాశాడు. "లంగరేసి ఇసకదిబ్బకి ఆనించుకుని కూచున్నాం. ఇంకో లాంచీ అటు వచ్చేసరికి మర్నాడైంది. జనంలో ఒక ముసలాయనకి ఆయాసం. బతికాడులే గానీ, నేను ఆయన చెయ్యి పట్టుకుని కూచోడం తప్ప ఏం చెయ్యలేకపోయాను. సముద్రం మీద తిరిగే పడవల్లో మాట్లాడుకునే పెట్టెలుంటాయట గదా. మనం పెట్టుకోవచ్చా? ఓనరు సరే అన్నాడు. నువ్వు ఢిల్లీలో ఉన్నావు, పుస్తకాలు చదువుతావు. కనుక్కో."

ఈ ఉత్తరం చదువుతుంటే నా ఒళ్ళు పొంగింది. చదువుతావు కాబట్టి కనుక్కో అని నన్ను అడిగిన మొదటి మనిషి వాడు.

మంగళవారం దీదీని అడిగాను. ఆవిడ నవ్వి, "పడవలా? ఢిల్లీలో?" అంది. కానీ చీటీ మీద రాసుకుంది. రెండు వారాల తర్వాత పెద్ద లైబ్రరీ నుంచి వెతికించి ఒక పాత పుస్తకం తెచ్చింది. ఇంగ్లండులో అచ్చయింది. అక్కడి కాలవల్లో, నదుల్లో తిరిగే చిన్న పడవలకి సముద్రపు రేడియో ఎలా పెట్టుకోవాలో మొదటినుంచి చివరిదాకా అందులో ఉంది. పడవకి ఒక లైసెన్సు. మాట్లాడే మనిషికి వేరే సర్టిఫికెట్. ఆపద వస్తే పదహారో చానెల్. మాట పూర్తయితే ఏమనాలి, అవతలి వాళ్ళు మాట్లాడుతుంటే ఎంతసేపు ఆగాలి, ఇవన్నీ. పేర్లు తప్పు వినిపించకుండా ఒక్కో అక్షరానికీ ఒక్కో మాట చెప్పాలట. అంట్లు తోముతూ "ఆల్ఫా, బ్రావో, చార్లీ" అని వల్లెవేస్తుంటే మా ఆయన వాకిట్లోంచి, "ఆర్మీలో ఉన్నది నేనా, నువ్వా?" అన్నారు.

ఆ పుస్తకాన్ని మూడుసార్లు చదివాను. నోటుపుస్తకంలో నలభై పేజీలు ఎత్తి రాసుకున్నాను. లైసెన్సు ఉండాలన్న సంగతి నాకు బాగా తెలుసు. తెలియనిదల్లా, మన దేశంలో ఏది ముందో ఏది తర్వాతో.

ఆ పుస్తకంలో కూడా ఆ వరస స్పష్టంగా లేదు. సెట్టు కొనుక్కున్నాక లైసెన్సుకి రాసుకోవాలన్నట్టే ఉంది. నాకు అది సహజంగానే తోచింది. చిన్నప్పుడు మా నాన్న రేడియో కొన్నారు. ఇంటికి తెచ్చి, గూట్లో పెట్టి, పక్కింటివాళ్ళందరికీ వార్తలు వినిపించాక, ఆ వారంలో పోస్టాఫీసుకి వెళ్ళి లైసెన్సు పుస్తకం తెచ్చారు. ఏటేటా దాని మీద ముద్ర వేయించేవారు. రేడియోకి ఒక పద్ధతి, వైర్‌లెస్‌కి ఇంకో పద్ధతి ఉంటుందని నాకెందుకు తోస్తుంది? రెండూ గాల్లోంచి వచ్చేవే కదా.

తమ్ముడికి రాశాను. "సెట్లు దొరికితే కొనండి. లైసెన్సు సంగతి ఇక్కడ నేను చూసుకుంటాను."

ఇరవై రోజుల్లో జవాబు. కాకినాడలో పాత చేపల ట్రాలర్లని విప్పి అమ్మే ఒకాయన దగ్గర రెండు సెట్లు దొరికాయట, ఒకటి లాంచీకి, ఒకటి రేవులో పెట్టడానికి. ఓనరు ఊళ్ళో లేకపోతే తనే వెళ్ళి తెచ్చాడు. రసీదు తన పేరు మీదే రాయించుకున్నాడు. ఇంట్లో మంచం కింద తువ్వాలు చుట్టి పెట్టాడు. "నువ్వు కాయితం పంపగానే బిగించేస్తాం" అని రాసి, కింద ఇంకో మాట. "రెండు నెలల్లో నా సర్టిఫికెట్ రెన్యువల్ ఉంది. ఈలోపు సెట్టు పెట్టేస్తే పోర్టాఫీసరు కూడా మెచ్చుకుంటాడు."

మర్నాడే చీర మార్చుకుని, నోటుపుస్తకం సంచీలో పెట్టుకుని అశోకా రోడ్‌కి బస్సెక్కాను. వైర్‌లెస్ లైసెన్సులు ఇచ్చే ఆఫీసు అటువైపే. గేటు దగ్గర పాసు రాసేవాడు "కిస్ కామ్ సే?" అన్నాడు. ఏం పని మీద అని. నదిలో పడవకి రేడియో అన్నాను. తలెత్తి నన్నొకసారి చూసి, పాసు మీద "వ్యక్తిగతం" అని రాసేశాడు.

మూడు గదులు తిరిగాక ఒక సెక్షన్ ఆఫీసరు దగ్గరికి పంపారు. యాభై ఏళ్ళుంటాయి. బల్ల మీద ఫైళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయంటే, ఆయన కళ్ళజోడే కనిపించింది. నా హిందీ నాలుగు మాటలు వినగానే ఆయన తెలుగులోకి దిగారు.

"ఏమ్మా, గోదావరి జిల్లానా?"

"ఆయ్, అవునండి. మీకెలా తెలిసిందండి?"

"హిందీల గూడ అండి పెడుతున్నవు. మాది వరంగల్ దిక్కు. చెప్పు, ఏం పని?"

చెప్పాను. నోటుపుస్తకం తీసి పడవకి లైసెన్సు, మనిషికి సర్టిఫికెట్, పదహారో చానెల్ అన్నీ వరసగా అప్పజెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు. ఒకచోట కనుబొమలు కూడా ఎగరేశారు. నేను ఇంకా ఉత్సాహపడి ఆల్ఫా బ్రావోలు కూడా చదవబోతుంటే చెయ్యెత్తారు.

"మంచిగ చదివినవ్. ఇదంత యాడ చదివినవ్?"

"బస్సులో అండి. లైబ్రరీ బస్సు."

"అచ్ఛా. ఇంతకీ, సెట్లు కొన్నరా, కొంటరా?"

"కొనేశామండి!" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "రెండూ మా తమ్ముడి ఇంట్లోనే ఉన్నాయి. ఇక మీ కాగితమే తరువాయి."

ఆయన కలం మూత పెట్టారు. కుర్చీ వెనక్కి జరిపి, లేచి, గోడ వైపు బీరువాలోంచి ఒక పల్చటి పుస్తకం తీసి నా ముందు పెట్టారు. పది పదిహేను పేజీలు కూడా ఉండదు. స్వాతంత్ర్యానికి ముందు చేసిన చట్టం.

"గా బెంచి మీద కూసో. మూడో సెక్షన్ చదువు. చదివినంక మాట్లాడుదాం."

బెంచి మీద కూర్చుని సంచీలోంచి డిక్షనరీ తీశాను. ఒకే వాక్యం. లైసెన్సు లేకుండా ఎవరూ వైర్‌లెస్ పరికరాన్ని తమ దగ్గర ఉంచుకోరాదు. వాడకూడదు అని కాదు, ఉంచుకోరాదు అని. ఆ ఒక్క మాట కోసం డిక్షనరీ రెండుసార్లు చూశాను, వేరే అర్థం ఏదన్నా దొరుకుతుందేమోనని. దొరకలేదు. మా తమ్ముడి మంచం కింద తువ్వాలు చుట్టి ఉన్నది నేరం. ఆ నేరం చెయ్యమని రాసింది నేను.

లేచి వెళ్ళి ఆ చట్టం పుస్తకం ఆయన బల్ల మీద పెట్టాను.

"రసీదు ఎవరి పేరు మీద ఉన్నది?"

"మా తమ్ముడి పేరు మీదండి."

"ఓనరుది గాదా?"

"ఆయన ఊళ్ళో లేకపోతే మావాడే వెళ్ళి తెచ్చాడండి. వచ్చే నెల దాటాక వాడి సరంగు సర్టిఫికెట్ రెన్యువల్ ఉందండి."

ఆయన ఆ పుస్తకాన్ని మూడో సెక్షన్ దగ్గర తెరిచి నా వైపు తిప్పారు. మిగతాది నాకే అర్థమైంది. ఎవరైనా ఫిర్యాదు చేసినా, కాకినాడలో ఆ అమ్మినవాడు పట్టుబడినా, కేసు మా తమ్ముడి మీద పడుతుంది. కేసు ఉన్నవాడికి పోర్టు ఆఫీసు చుక్కాని అప్పజెప్పదు. వాడి పన్నెండేళ్ళ కష్టం నా ఒక్క ఉత్తరంతో పోతుంది.

"ఇంకో సంగతి" అన్నారాయన. గొంతు తగ్గించి, నెమ్మదిగా. "గవి సముద్రం సెట్లు. గా చానెళ్ళు ఓడలకు, ఓడరేవులకు. మీ లాంచీ నది రిజిస్టర్ల ఉన్నది. మీకు ఏ ఫ్రీక్వెన్సీ ఇయ్యాల్నో ఈడ చూసి చెప్తరు. ముందుగాల అడగాలె. ఇస్తమని కాయితం వచ్చినంక కొనాలె. బిగించినంక లైసెన్సు. గదీ వరుస. నువ్వు చదివిన బుక్కు తప్పు గాదమ్మా. అది వేరే దేశపోళ్ళది."

"మరి ఇప్పుడేం చెయ్యమంటారండి?"

"నేను వకీలును గాదు. చట్టంల ఏం రాసి ఉన్నదో చదివినవు. పట్టుబడినోడు వేరు, తనంతట తనే తెచ్చి అప్పజెప్పినోడు వేరు అని అందుల రాసి లేదు. కాని కేసు రాసేటోడు మనిషే గద."

నీళ్ళు తాగుతావా అని అడిగి, తన గ్లాసే కడిగించి తెప్పించారు. నేను నీళ్ళు తాగడం పూర్తయ్యేదాకా వేరే ఫైలు ముట్టుకోలేదు. ఆ నిమిషం ఆయన నన్ను కసిరి ఉంటే, నేను ఇంటికెళ్ళి భయంతో ఏదో ఒక తప్పు పని చేసేదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆయనకి నేను దణ్ణం పెట్టుకునేది ఆ గ్లాసెడు నీళ్ళకే.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన బూట్లు విప్పుతున్నవారు విప్పుతున్నట్టే ఆగిపోయారు.

"గోదాట్లో పడేయమను" అన్నారు. "రెండూ. రసీదు చింపేయమను. అయిపోతుంది."

"అమ్మినవాడి దగ్గర రసీదు నకలు ఉంటుందండి. రేపు అడిగితే వీడు లేదని అబద్ధం చెప్పాలి. వాడికి అబద్ధం చెప్పడం రాదు. చిన్నప్పుడు బెల్లం తిన్నా మూతి తుడుచుకునేవాడు కాదు."

"అయితే పోలీసుల దగ్గరికి పొమ్మంటావా? వైర్‌లెస్ సెట్టుతో? నేను ఫౌజీని. నా బావమరిది దగ్గర వైర్‌లెస్ దొరికిందంటే నన్నేమంటారో తెలుసా?"

నాకు తెలుసు. అందుకే అన్నం తినలేకపోయాను. ఆయన కూడా తినలేదు. పక్క వేస్తుంటే ఆయనే అడిగారు. "పోలీసులకిచ్చే ఉత్తరంలో తప్పు ఎవరిదని రాస్తావు?"

"నాదేనండి. కొనమన్నది నేనే కదా."

"నా పేరు మాత్రం రాయకు." మంచం మీద అటు తిరిగి పడుకున్నారు. మళ్ళీ ఇటు తిరిగారు. "రాయిలే. హవల్దారు భార్యనని రాయి. లేకపోతే మరీ అనాథలనుకుంటారు."

ఆ ఉత్తరం అయిదుసార్లు రాశాను. మొదటి రెండింటిలో ఏడుపే ఎక్కువ. మూడోదాంట్లో చట్టం గురించి పాఠం చెప్పాను. నాలుగోది చదివి మా ఆయన, "ఇది ఎస్సైకి రాసినట్టు లేదు, ఎస్సైకి ట్యూషన్ చెప్పినట్టుంది" అన్నారు. అయిదోది ఒకే పేజీ. ఫలానా లాంచీ సరంగు నా తమ్ముడు. ప్రయాణికుల క్షేమం కోసం సెట్లు కావాలనుకున్నాడు. నన్ను అడిగాడు. నేను వేరే దేశం పుస్తకం చదివి, ముందు కొని తర్వాత లైసెన్సు తీసుకోవచ్చని రాశాను. అది తప్పని ఫలానా రోజు తెలిసింది. సెట్లు ఇంతవరకు బిగించలేదు. వాటిని రసీదుతో సహా అప్పగిస్తున్నాం. అంతే.

పుస్తకంలో నన్ను తప్పుదారి పట్టించిన పేజీని జిరాక్సు తీయించాను. మంగళవారం బస్సులో దీదీకి సంగతంతా చెప్పాను. ఆ పుస్తకం తెచ్చింది తనే కదా అని ఆవిడ ముఖం చిన్నబోయింది. జిరాక్సు అందుకుని వెనకవైపు లైబ్రరీ ముద్ర కొట్టింది. ఒకటి కాదు, మూడు.

"ఇది ఎందుకూ పనికిరాదు" అంది హిందీలో. "కానీ ముద్ర ఉన్న కాగితం తెచ్చినవాణ్ణి ఎవరూ నిలబెట్టి మాట్లాడరు. కూర్చోమంటారు."

ఉత్తరం, జిరాక్సు రెండూ తమ్ముడికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, సెట్లతో పాటు స్టేషనులో ఇమ్మన్నాను. ఇక ఎదురుచూపు. ఆ మూడు వారాలూ నేను ఒక్క పుస్తకం తీసుకోలేదు. మంగళవారాలు బస్సు హారను వినిపించినా కిందికి దిగలేదు. చదువు మీద నాకు కోపం వచ్చిందని కాదు. చదివిందాన్ని నమ్మి ఇంకొకరి బతుకుని పణంగా పెట్టేశానే అన్న సిగ్గు.

ఒక ఆదివారం కింద నుంచి మా ఇంటిగలావిడ కేకేసింది. "ఆంధ్రా వాలీ! తేరా ఫోన్!" చెప్పుల్లేకుండానే పరుగెత్తాను.

"అక్కా, నేనే."

"ఏమైందిరా?"

"ముందు ఊపిరి తీసుకో, నీ రొప్పు ఇక్కడిదాకా వినపడుతోంది. స్టేషనుకెళ్ళా. నీ ఉత్తరం ఇచ్చా. ఎస్సైగారు మొత్తం చదివి, జిరాక్సు తిరగేసి మూడు ముద్దర్లు చూసి, కూచోమన్నారు. మీ అక్క లాయరా అనడిగారు. కాదండి, బస్సులో చదువుకుందండి అన్నా. బస్సులోనా అని ఆయన, ఆయ్ అని నేను. పక్కనున్న కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళిపోయాడు."

"నవ్వుల సంగతి తర్వాత. కేసు?"

"సెట్లు తీసుకుని రసీదిచ్చారు. పైకి రాశారు. నిన్న పిలిపించి, తనంతట తనే అప్పగించాడు, వాడలేదు, కేసు అక్కర్లేదని కాయితం చూపించారు."

నేను ఫోను పట్టుకుని అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాను. ఇంటిగలావిడ కంగారుపడి చక్కెర నీళ్ళు తెచ్చింది.

పై నెల వాడి సర్టిఫికెట్ రెన్యువల్ అయింది. పోర్టాఫీసరు అడక్కుండానే వీడు పోలీసుల రసీదు తీసి బల్ల మీద పెట్టాడట. "ఎందుకు చూపించావురా" అని ఓనరు తిట్టాడట. పోర్టాఫీసరు రసీదు చదివి వెనక్కిచ్చి, సంతకం పెట్టి, "మరి లాంచీలో వైర్‌లెస్ పెడతారా పెట్టరా?" అన్నాడట.

పెట్టాం. ఈసారి వరుస తప్పలేదు. ఓనరు పేరు మీద అర్జీ, లాంచీ రిజిస్ట్రేషను నకలు, ఏ రేవు నుంచి ఏ రేవుకి తిరుగుతుందో చేత్తో గీసిన గోదావరి పటం. అశోకా రోడ్‌లో వరంగల్ ఆఫీసరుగారు దాన్ని రెండుసార్లు తిప్పి పంపారు. ఒకసారి రేవుల మధ్య దూరం రాయలేదని, ఇంకోసారి ఒడ్డున సెట్టు ఎక్కడ పెడతారో చెప్పలేదని. తిప్పి పంపిన ప్రతిసారీ ఎక్కడ తప్పో పెన్సిలుతో గుండ్రంగా చుట్టి పెట్టేవారు. ఆ పెన్సిలు గుర్తులు లేకపోతే మాకు ఇంకో రెండేళ్ళు పట్టేది. ఏడాది పైన పట్టినా, మొదట అనుమతి కాగితం, తర్వాత వేరే రకం సెట్లు, తర్వాత లైసెన్సు, అన్నీ వాటి వంతున వచ్చాయి.

ఊరి నుంచి పూతరేకులు తెప్పించి ఆయనకి తీసుకెళ్ళాను. పెట్టె వైపు కూడా చూడలేదు. "ఆఫీసుల ఇవి పెట్టకు తల్లీ. ఇంటికి తీస్కపో." నా ముఖం చూసి, మధ్యాహ్నం ఆ వీధిలోనే మన భోజనం దొరికే క్యాంటీనుకి వచ్చి, నా ఎదుట కూర్చుని, ఒక్కటంటే ఒక్కటి విప్పి తిన్నారు. "కాయితం దిన్నట్టే ఉన్నది" అన్నారు. రెండోది అడగకుండానే తీసుకున్నారు. నేను మళ్ళీ మంగళవారాలు బస్సెక్కడం మొదలుపెట్టానని చెప్పాను. "మంచిది. కాని బుక్కు ఏ దేశందో ముందుగాల చూడు" అన్నారు.

ఆ ఎండాకాలం సెలవులకి వెళ్ళినప్పుడు తమ్ముడి లాంచీ ఎక్కాను. చుక్కాని పక్కనే గోడకి లైసెన్సు అద్దం కట్టి బిగించాడు. దాని కింద సెట్టు. రేవు వదలగానే వాడు దాని మైకు చేత్తో అందుకుని, లాంచీ పేరు, జనం ఎంతమందో, ఎన్ని గంటలకి బయల్దేరామో చెప్పాడు. అవతలి రేవు నుంచి సరే అని వినపడింది. ముందు బెంచీ మీద పిల్లని ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ, తనకే ఎవరో జవాబిచ్చినట్టు తలూపింది.

నాకు ఆగలేదు. ఇంతా చేసింది నేను. నోటుపుస్తకంలో నలభై పేజీలు ఎత్తి రాసుకున్నది నేను. ఒక్కసారి మాట్లాడతానురా అని చెయ్యి చాపాను.

వాడు చటుక్కున మైకు వెనక్కి లాక్కున్నాడు.

"ఆగక్కా. లాంచీ సిబ్బంది మాత్రమే అని ఉంది లైసెన్సులో. మళ్ళీ చదువుకో."

చదువుకున్నాను. ఉంది. వాడు చుక్కాని తిప్పాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని, జనంతో పాటు బెంచీ మీద కూర్చున్నాను.